అక్క చేతుల కోసం కొన్న కెమెరా

ఇది నాకే జరిగింది. పక్కింటివాళ్లకో, ఆఫీసులో ఎవరి మేనత్తకో జరిగింది కాదు. మా ఆయన మీద ఒట్టు పెట్టమంటే పెడతాను, ఆయనకి అలవాటే. అక్క మీద మాత్రం పెట్టను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు... ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను. అందుకే ఆ రాత్రికి ఏం పేరు పెట్టాలో తెలియక మీకు చెప్పుకుంటున్నాను.

మా ఇల్లు సీతాఫల్‌మండిలో, స్టేషన్ వెనక సందులో. ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన, మా అక్క సువర్ణ. అక్కకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తన భాషలో సగం బడిలో నేర్చుకున్న సైగలు. మిగతా సగం అమ్మా తనూ కలిసి వంటింట్లో కల్పించుకున్నవి. ముక్కుపుడక దగ్గర వేలు పెడితే అమ్మ. బుగ్గ మీద రెండుసార్లు తడితే నేను. రాత్రి మేమంతా పడుకున్నాక వాళ్లిద్దరూ పొయ్యి గట్టు దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. నాకు ఆ భాష సగమే వచ్చు. కూర్చుని నేర్చుకునే ఓపిక ఏనాడూ లేకపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అక్క చేతులు అవసరానికి తప్ప లేవడం మానేశాయి. టీ కావాలా. తాళం ఎక్కడ. కరెంటు పోయింది... అంతే. రోజుకి పది సైగలు దాటేవి కావు. నాతో మాట్లాడటం కంటే ఊరుకోవడమే సుఖమనుకుందేమో.

అలాంటప్పుడు ఒక అవకాశం వచ్చింది. వినపడని పిల్లల తల్లిదండ్రులకి వీడియోలో సైగలు నేర్పే సంస్థ ఒకటుంది. వాళ్లకి అక్కలాంటి టీచరు కావాలట. ఒక శనివారం ఉదయం పది గంటలకి వీడియోలో పావుగంట పాఠం చెప్పి చూపించాలి. అక్క వారం రోజులు వద్దంది. తర్వాత ఒక సాయంత్రం తల ఊపింది. ఆ తల మళ్లీ అడ్డంగా ఊగకముందే నేను ఏర్పాట్లలో పడ్డాను. ఈ పని దొరక్కపోతే అక్క ఇంక ఎవరితోనూ మాట్లాడదని నాకు గట్టిగా అనిపించింది.

మా పాత లాప్‌టాప్ కెమెరా ముందు అక్క చేతులు ఆడిస్తే వేళ్లు కనపడలేదు. అక్క తెర వైపు చూసింది. నా వేళ్లు ఏవి అని అడిగి మూత మూసేసింది. దాంతో గురువారం పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులకి పరిగెత్తాను. నాకు తెలిసిందల్లా ఒకటే, పెద్ద నంబరున్నది మంచిది. షాపాయన కూడా అదే చూపించాడు.

"మేడమ్, గిది ఫోర్ కె. ముఖం మీద మచ్చ సుత కనవడతది."

తెచ్చి పెట్టాను. ముఖం మీద మచ్చ నిజంగానే కనపడింది. చేతులు మాత్రం చిలికిన మజ్జిగలా కలిసిపోయాయి.

శుక్రవారం అక్కనే వెంటబెట్టుకుని, గొడవకి సిద్ధమై మళ్లీ వెళ్లాను. షాపాయన పెద్ద వయసు మనిషి. అక్క నాతో సైగ చేయడం చూసి, నా కేకలు మధ్యలోనే ఆపాడు.

"ముందే చెప్పొద్దా మేడమ్. మాట్లాడేది చేతులైతే బొమ్మ ఎంత పెద్దగున్నదని కాదు, సెకండ్‌కు ఎన్ని బొమ్మలొస్తయని జూడాలె. గిది అరవై ఇస్తది. ఈ మేడమ్‌ను ముందు కూసోమనుండ్రి."

అక్క ఆ చిన్న కెమెరా ముందు కూర్చుని గబగబా వేళ్లు ఆడించింది. తెర మీద వేళ్లు లెక్కపెట్టుకుంది. పదీ ఉన్నాయి. నా వైపు తిరిగి నవ్వింది.

అక్కడితో అవలేదు. అరవై బొమ్మల్ని మా లాప్‌టాప్ మోయలేదట. పాత డబ్బాలోనే కొత్త డిస్కు, ఎక్కువ మెమరీ వేసిన కంప్యూటర్ ఒకటి ఇచ్చాడు. కెమెరా తీగ వెనక ఉన్న నీలం రంగు పోర్టుకే పెట్టమన్నాడు. నేను మర్చిపోతానని ఇంకో రెండు మాటలు నెమ్మదిగా చెప్పాడు.

"వెలుతురు తక్కువైతే కెమెరా తనకు తానే బొమ్మలు తగ్గిస్తది. ఆ ఆటోమేటిక్ బంద్ చేసిన. ఇగ చీకట్ల ఏం కనవడది, నల్లగనే ఉంటది. పరేషాన్ కావొద్దు. లైటేస్తే సాఫ్‌గొస్తది. రాత్రి ఓ గంట రికార్డింగ్ పెట్టి వదిలేయుండ్రి. వేడెక్కి ఏడన్న ఆగుతదా తెలుస్తది."

చీకట్లో ఏమీ కనపడదు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఆ రాత్రి మా ఆయనకి రైల్వేలో నైట్ డ్యూటీ. ఇంట్లో మేమిద్దరమే. పడకగదిలో కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టి, లైటు అమర్చి, అక్కని కూర్చోబెట్టాను. చేతులు ఎత్తింది... దించేసింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించేసింది.

"నాతోని కాదు," అంది సైగలతో. తన సైగల్ని మా ఇంటి మాటల్లో పెట్టి చెప్తున్నాను, తను ఇలాగే అంటుందని నాకు అలవాటు.

నాకు కోపం వచ్చింది. రెండు రోజుల తిరుగుడు, ఎండ, అలసట. వెనక్కి తిరిగి నోటితోనే ఏవేవో అనేశాను. అక్కకి వినపడదు కదా అని. కానీ నా భుజాలు చూసింది. ఎప్పుడూ అన్నీ చూస్తుంది తను. గాజులు తీసి అద్దం దగ్గర పెట్టి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నేను రికార్డింగ్ మొదలుపెట్టి గంటకి ఆగేలా చేసి, లైటు ఆర్పాను. ఆర్పగానే తెర మీద బొమ్మ నల్లబడింది. ఆయన చెప్పినట్టే.

తన పక్కనే పడుకున్నాను, ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. ఎందుకు మెలకువ వచ్చిందో కూడా తెలియదు. కంప్యూటర్ ఫ్యాన్ ఒకటే సన్నగా తిరుగుతోంది. స్టేషన్ వైపు నుంచి మైకులో ఏదో చెప్తున్నారు... ఆగింది. తర్వాత ఇంకో చప్పుడు.

గాజులు.

గలగలమని కాదు. చిన్నగా... ఒకసారి. ఆగి... ఇంకోసారి. మధ్యలో అరచేతి మీద అరచెయ్యి పడ్డ మెత్తటి చప్పుడు. సైగలతో మాట్లాడేవాళ్ల పక్కన పెరిగినవాళ్లకి ఆ చప్పుడు తెలుసు. ఎవరో మాట్లాడుకుంటున్నారు. చిన్నప్పుడు వంటింట్లోంచి ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేదాన్ని. అందుకే ముందు భయం వేయలేదు. హాయిగా అనిపించింది. కళ్లు మూసుకుని అలాగే విన్నాను... ఎంతసేపో.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ లేదు.

కళ్లు తెరిచాను. తెర మీద అక్క ఉంది.

కుర్చీలో కూర్చుని ఉంది. నల్లగా ఉండాల్సిన బొమ్మలో ప్రతి వేలూ విడివిడిగా కనపడుతోంది. గోళ్లు కూడా. మాట్లాడుతోంది... ఆగుతోంది... కెమెరాకి కాస్త పక్కగా చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఎదుటి చేతుల్ని చదివే చూపు అది. చదివి, తల ఊపి, మళ్లీ తను మొదలుపెడుతోంది. రెండేళ్ల తర్వాత అక్క అంత ధారాళంగా మాట్లాడటం చూశాను.

చెయ్యి పక్కకి చాచాను. నా పక్కన... అక్క. వెచ్చగా. చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. మణికట్టు మీద తడిమాను. గాజులు లేవు.

కుర్చీ వైపు చూశాను. తెర వెలుతురు దాని మీద పడుతోంది. ఖాళీ కుర్చీ.

అరవలేదు. అరవాలనిపించలేదంటే మీరు నవ్వుతారు. ఆ గదిలో గాలి కూడా నిద్రపోతున్నట్టుంది. తెర మీది అక్క బుగ్గ మీద రెండుసార్లు తట్టుకుంది. నా గురించి చెప్తోంది. లేచి కూర్చుని చదివాను. ఆ ఒక్కసారీ సగం కాదు, మొత్తం అర్థమైంది.

"చెల్లెకు నా మాటలు సగమే వస్తయి. మిగిలిన సగం నేనే మింగుతున్న. రేపు అందరి ముందట చేతులు లేవకపోతే ఏం జెయ్యాలె?"

ఏడుపు వచ్చేసింది. లేచాను. నేల చల్లగా తగిలింది. కుర్చీ వైపు ఒక అడుగు వేశాను. ఇంకోటి వేశాను... అక్కడిదాకానే గుర్తుంది. తర్వాత ఏమీ లేదు. తెల్లారింది, నేను మంచం మీద ఉన్నాను, వంటింట్లో గిన్నెల చప్పుడు.

కల అనుకున్నారు కదా. నేనూ అనుకున్నాను. ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్లాను. అక్క తలంటుకుని, మంచి చీర కట్టుకుని టీ పోస్తోంది. నన్ను చూడగానే గిన్నె దించి రెండు చేతులూ లేపింది.

"రాత్రి ఎంత మంచిగ మాట్లాడినవే."

"నేనా?" అన్నాను.

"మరెవరు? నాకు తెలివొచ్చి చూస్తే కుర్చీల కూసున్నవ్. నా దిక్కు తిరిగి కూసున్నవ్. ఇన్నేండ్లు నీకు రాదనుకున్న. అమ్మ మాటలన్ని వచ్చు నీకు. ఒక్కటి సుత తప్పు పోలే."

నేను కుర్చీలో కూర్చోలేదు. అంత భాష నాకు రాదు. అదే చెప్పబోయాను. అక్క నా ముఖంలోకి చూసింది. తన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"నీకు యాదికి లేదా?"

గడియారం ఎనిమిది దాటింది. పది గంటలకి పాఠం. అక్క ముఖంలో వెలుగు తగ్గడం నా కళ్లముందే కనపడుతోంది. ఏం చేయమంటారు... తల ఊపాను. యాదికుందని సైగ చేశాను.

"మాటిచ్చినవ్. తప్పవు గదా?"

"తప్పను," అన్నాను, ఏం మాటో తెలియకుండానే.

పది గంటలకి అక్క కెమెరా ముందు కూర్చుంది. లైటు వేశాను. పావుగంట అనుకున్నది ముప్పావుగంట చెప్పింది. అవతలివాళ్లు ఆపమనలేదు. ఒక చిన్నపిల్లాడి తల్లి చివర్లో కళ్లు తుడుచుకుంది. పని వచ్చింది. ఇప్పుడు వారానికి నాలుగు సాయంత్రాలు ఆ కుర్చీలోనే పాఠాలు చెప్తోంది. నాతో కూడా మాట్లాడుతోంది, అర్థం కాని చోట నేను ఊరికే తల ఊపుతున్నాను.

రాత్రి రికార్డింగ్ ఆ మధ్యాహ్నమే పెట్టి చూశాను. ఎక్కడా ఆగలేదు. ఒక్క ఫ్రేము పోలేదు. గంట పొడవునా నలుపే... ఉండాల్సినట్టే. శబ్దం మాత్రం ఉంది. ఫ్యాన్ హోరు, దూరంగా రైలు. చివరి పది నిమిషాల్లో గాజుల చప్పుడు. తర్వాత అడుగులు, రెండు. కుర్చీ కిర్రుమంది, ఎవరో కూర్చున్నట్టు. లేచిన చప్పుడు లేదు. అంతలో గంట అయిపోయింది. మా ఆయనకి వినిపిస్తే, "నీకు నిద్రలో నడిచే రోగముంది, డాక్టర్‌కు చూపించుకో," అన్నాడు. నిజమేనేమో. కానీ నిద్రలో నడిస్తే రాని భాష వస్తుందా?

పోయిన వారం ఆయనకి గుంతకల్లు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అక్కకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు నలిగిపోయాను. తన పాఠాలు, తన గది, అన్నీ ఇక్కడే. చివరికి టేబుల్ మీద ఆర్డరు కాగితం తనే చూసింది. కుప్పకూలిపోతుందనుకున్నాను. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"గింత దానికి పరేషానెందుకు? ఆ రాత్రి మాటిచ్చినవ్ గదా. నాకేం భయం లేదు."

వెంట తీసుకుపోతానన్నానా... ఇల్లు వదిలి కదలనన్నానా... అడుగుదామంటే చేతులు లేవడం లేదు. అడిగితే ఆ రాత్రి తనతో మాట్లాడింది నేను కాదని తెలిసిపోతుంది. వచ్చే నెల మొదట్లో ఆయన వెళ్లి చేరాలి. అక్క రోజూ నా ముఖం చూసి నిశ్చింతగా నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను.