చెత్తగుట్ట మీద కమ్మటి నిద్ర

మామిడిపల్లి అవతల చెత్తగుట్ట అంటుకుంటే మంట కనిపించదు, పొగే. లోపలెక్కడో ప్లాస్టిక్, పాత టైర్లు మెల్లగా కాలుతుంటాయి. పైన తెల్లటి పొగ పొలాల మీద మంచులా పరుచుకుంటుంది. దాని మీదుగా విమానాలు ఒక్కొక్కటే దిగుతుంటాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఫైర్‌మన్‌గా చేరిన కొత్తలో పని మరిచి చూస్తూ నిలబడేవాణ్ణి.

మా స్టేషన్‌లో అందరికంటే పెద్దాయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. చెత్తమంటకు బయల్దేరేముందు ఆయన తలా ఓ బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. బెల్లం చప్పరిస్తే పొగ ఛాతీలో నిలవదని ఆయన నమ్మకం, మా అందరి నమ్మకమూ అదే. ముఖానికి తడి తువ్వాల. గాలి సిలిండర్లు, మాస్కులు మాత్రం బండి దిగేవి కావు. అవి కాలే ఇళ్లలోకి దూరడానికే అనుకునేవాళ్లం.

"మాస్కు పెట్టుకుంటే బెల్లమెట్ల తింటవ్ తమ్మీ? ఈడ పైకప్పున్నదా? గాలంత మనదే" అనేవాడు అన్న.

ఆ సాయంత్రం గాలి వీచలేదు. పొగ గుట్టను వదల్లేదు. గుట్ట మీద నీళ్లు చిమ్మే నాజిల్ అన్న చేతిలో, వెనక పైపు నా చేతిలో. ముందు తలనొప్పి, తర్వాత కమ్మటి మత్తు. విమానం చప్పుడు పక్కింట్లో మిక్సీ తిరిగినట్టు వినిపించింది. కాళ్లు తేలికయ్యాయి. ఏ బాధా లేదు. ఇప్పటికీ నాకు భయం వేసేది అదే, ఏ బాధా లేకపోవడం.

అన్న నీళ్లన్నీ తన కాళ్ల దగ్గరే పోసుకుంటున్నాడు. చూసి నవ్వుకున్నాను. ఆయన మెల్లగా కూలబడ్డాడు.

"జర కూసుంట తమ్మీ. మంచిగున్నది."

అని పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు తెలివొచ్చింది నాకు. చంకల కింద చేతులేసి కిందికి ఈడ్చాను, రెండుసార్లు పడ్డాను. డ్రైవర్ సిలిండర్ పట్టుకుని ఎదురొచ్చి, మాస్కు ఆయన ముఖానికి బిగించాడు.

అంబులెన్సులో దవాఖానకు పోతుంటే ఆరాంఘర్ దగ్గర కళ్లు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు కాస్త జరిపి, "మంచి నిద్ర చెడగొట్టినవ్ గదరా" అన్నాడు.

"ముందు మాస్కు పెట్టుకో! ఇగ ఇది లేకుండ గుట్టెక్కినవంటే కాళ్లిరగ్గొడ్త!"

నాకు పని నేర్పిన మనిషి. నోటికొచ్చినట్టు తిట్టాను, ఏడుస్తూ తిట్టాను. ఆయన నన్నే చూస్తూ వింటున్నాడు. వింటున్నాడంటే మెలకువగా ఉన్నట్టే కదా అని, దవాఖాన వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను.