చిలకల్ని తోలిన ఇటలీ మాటలు

మా చిన్నప్పుడు రెడ్డిగూడెం మామిడి తోటల్లో చిలకల్ని ఇటలీ భాషలో తోలేవాళ్లమండీ... నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

అరవైల మొదటి రోజులు. మా నాన్న ఓ ఆసామి తోటకి కాపలా. పిందె పడిందంటే మా సంసారమంతా తోటలోకే... నులక మంచం, నీళ్ల కుండ, నాలుగు దాకలు, తాటాకు గుడిసె. పక్కనే మంచె. దాని మీద కూర్చుని రేకు డబ్బా వాయిస్తూ "ఓహోయ్" అని అరవడం తొమ్మిదేళ్ల నా ఉద్యోగం. మా కేక పక్క తోట పిల్లలు అందుకోవాలి, వాళ్ల కేక ఆ పై తోట వాళ్లు. అందుకోలేదంటే కునుకు తీశారని పెద్దవాళ్లకి తెలిసిపోయేది... ఇక వీపు విమానం మోతే!

మా రోజక్క నాకంటే చాలా పెద్దది, అప్పటికి పద్దెనిమిదేళ్లు. మిషన్ ఆస్పత్రిలో మదర్ గారి దగ్గర కట్లు కట్టడానికి సాయం వెళ్లేది. మదర్ గారిది ఇటలీ. ఆవకాయ తిని కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ వేయించుకునే మనిషి. ఓ రోజు ఆవిడే మా గుడిసె దాకా వచ్చారు.

"రోజాని మా దేశము పంపండి. నర్సు చదువు చదివిస్తాము. కానీ భాష రావాలి. కోతలు అయ్యే లోపల క్రియలన్నీ నాకు అప్పజెప్పాలి" అన్నారు.

నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అక్క మొహం చూడాలి... అంత వెలుగు ఆ మొహంలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మరి కాపలా మానితే ఎలా? అందుకని చదువు మంచె మీదకే ఎక్కింది. ఆ భాషలో క్రియలు మూడు జాతులట. అక్క వాటిని చెట్లకి పంచేసింది. 'ఆరే' అని ముగిసేవి రసాలు, 'ఏరే' అని ముగిసేవి బంగినపల్లి, 'ఇరే' అని ముగిసేవి కలెక్టరు కాయలు. "మొదలు అలాగే ఉంటుందే, చివర మారుతుంది. నేనైతే ఒక చివర, నువ్వైతే ఇంకో చివర" అని నాకు పాఠం చెప్పేది.

పార్తిరే అంటే బయల్దేరడం. నేను బయల్దేరుతున్నాను, నువ్వు బయల్దేరుతున్నావు, ఆమె బయల్దేరుతోంది... పార్తో, పార్తీ, పార్తే! "ఓహోయ్" మానేసి అక్క ఇదే అరిచేది, నేను డబ్బాతో వంత. చిలకలకి ఏ భాషైతే ఏంటండీ... గుంపులు గుంపులుగా లేచిపోయేవి.

కాయ ముదురుతున్నకొద్దీ కాలాలు మారాయి. ఒకప్పుడు బయల్దేరుతూ ఉండేదాన్ని అనడానికి పార్తీవో, పార్తీవీ, పార్తీవా. రేపు బయల్దేరతాను అనడానికి పార్తిరో, పార్తిరాయ్, పార్తిరా. ఇంకో రూపం ఉంది... జరిగినదానికి కాదు, జరగబోయేదానికీ కాదు. జరగాలని మనసు కోరుకునేదానికి. 'కే ఇయో పార్తా'... నేను బయల్దేరాలని. అది మాత్రం అక్క అరిచేది కాదు. పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తూ తనలో తనే అనుకునేది.

ఇక పక్క తోట సుబ్బులుకి కేక అందుకోవడం అలవాటు కదా! అర్థం తెలీకుండానే "పార్తో, పార్తీ" అని అందుకునేది. కొన్నాళ్లకే చాట్రాయి దారి పొడుగునా తోటలన్నీ ఇటలీ అయిపోయాయి. బండివాళ్లు ఎడ్లని ఆపి, "ఏంట్రా ఈ గోల, దయ్యం గానీ పట్టిందా?" అని తిట్టిపోసేవాళ్లు.

కోతలు సగంలో ఉండగా అక్క అప్పజెప్పేసింది. ఒక్క తప్పు లేదట. మదర్ గారు కావలించుకున్నారట. అమ్మ ఎవరినో అడిగి రేకు పెట్టె తెచ్చింది. ఇక మిగిలింది బెజవాడలో డాక్టరు పరీక్ష ఒక్కటే.

అక్కడే ఆగిపోయింది. ఊపిరితిత్తిలో ఎప్పటిదో మచ్చ ఉందట. ఇప్పుడు జబ్బేమీ లేదు గానీ ఆ దేశం వాళ్లు రానివ్వరన్నారు. అంతే.

నాన్నా అక్కా బస్సు దిగి తోటలోకి నడిచొస్తుంటే నాలుగు వైపుల నుంచీ అవే కేకలు... నేను బయల్దేరతాను, నువ్వు బయల్దేరతావు. పాపం, పిల్లలకేం తెలుసు! నాన్న తట్టుకోలేకపోయాడు. "నోర్ముయ్యండ్రా!" అని అటు పరిగెత్తబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు నాన్నా... చిలకలు పడతాయి."

ఆ తర్వాత అక్క గుడిసెలోంచి బయటికి రావడం మానేసింది. అన్నం పెడితే కెలికి వదిలేసేది. ఓ మధ్యాహ్నం సుబ్బులు "పార్తిరో, పార్తిరాయ్, పార్తిరా..." అని, తర్వాతి మాట గుర్తురాక అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. నాకూ తట్టలేదు.

గుడిసె తడిక తోసుకుని అక్క వచ్చింది. విరబోసుకున్న జుట్టుతోనే మంచె ఎక్కింది. నోటికి రెండు చేతులూ దోసిలిలా పెట్టి, "పార్తిరేమో...!" అని అరిచింది. మనమంతా బయల్దేరతాం అని. ఆ మాట సుబ్బులు అందుకుంది, ఆ పై తోట అందుకుంది, చాట్రాయి వైపు వెళ్లి వెళ్లి ఇక వినపడలేదు. అక్క అటే చూస్తూ నిలబడింది. నాన్న చెట్టు చాటుకెళ్లి తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు.

అక్క మన ఆస్పత్రిలోనే ఉండిపోయింది. చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పురుళ్లు పోసిందో! ఇప్పుడు ఎనభై దాటింది. మొన్న వేసవిలో అడిగితే ఆ తోటకి తీసుకెళ్లాను. పురుగూ పిట్టా తాకకుండా కాయ కాయకీ కాగితపు సంచులు తొడిగారు. మంచె లేదు, డబ్బా లేదు, పిల్లల అలికిడే లేదు. అక్క నా భుజం పట్టుకుని సన్నగా ఏదో అంది... 'కే ఇయో పార్తా'.

"ఏంటక్కా?" అన్నాను.

"ఏం లేదే, చిలకల్ని తోలుతున్నా" అని నవ్వింది.

చెట్ల మీద ఒక్క చిలకా లేదండీ...

మీ తోటల్లో, మీ చేలల్లో ఏమని అరిచేవాళ్లు? గుర్తుంటే కింద రాయండి... అక్కకి చదివి వినిపిస్తాను.