బస్సు తలుపుకు అడ్డం పెట్టిన డేక్సా

కడప అన్న పోయాడని గల్ఫులోని సాల్మియా నుంచి కబురొచ్చింది. సంతాప సభకు పోతే గుమ్మంలోనే ఒకడు ఆపాడు.

"నువ్వు జగిత్యాలోడివి గదా! ఇది మా కడపోళ్ల మీటింగు. మీ సంఘమోళ్లు వేరే పెట్టుకోండి."

ఊరందరినీ నవ్వుతూ ఆటపట్టించి బతికిన నాకు కూడా, వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ చెబుతున్నాను.

ఇరాక్ సైన్యం రాకముందు అన్న సాల్మియాలో ఒక గ్రీసు ఆయన ఇంట్లో వంటవాడు. నేను ఎదురు ఫ్లాటులో సైప్రస్ ఆయన దగ్గర పనివాణ్ణి. మేం బాబా అని పిలిచే ఆ యజమానులిద్దరిదీ ఒకే భాష, ఒకే పండుగలు. కాఫీ దగ్గర మాత్రం మా దేశానిదే గొప్పని రోజూ కొట్లాట. ఒకరోజు కప్పులు మార్చి పెట్టాను. ఇద్దరూ తాగి, "మాదే మాదే" అని మురిసిపోయారు. అన్న భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు.

"గింత ఒక్కటైతే రెండు జెండాలెందుకే అన్నా?"

"జెండాలు రెండుండనీరా. ఆపదొచ్చినప్పుడు తలుపు ఒగటైతే సాలు."

ఆపద వచ్చింది. వీధుల్లో ట్యాంకులు. గ్రీసు రాయబార కార్యాలయం నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చి, అన్నవాళ్ల బాబాతో పాటు మా బాబా తలుపు కూడా కొట్టాడు. వంటింట్లో ఉండి ఆ భాష పట్టేసిన అన్నను, ఏమంటున్నాడని అడిగాను.

"వీళ్లూ మావాళ్లే అంటాండాడు."

వాళ్లు వెళ్లిపోయారు, పనివాళ్లం మిగిలాం. జోర్డాన్ దారి పట్టే కడపోళ్ల బస్సెక్కబోతే వాళ్ల పెద్ద నన్ను మెట్టు మీంచి దించేశాడు.

"జాగా లేదు. మీ కరీంనగరోళ్లతో పోపో."

మావాళ్లు అప్పటికే పోయారు. ఆ ట్యాంకుల మధ్య నేనొక్కణ్ణి. అప్పుడు అన్న, దారిలో అందరికీ గంజి కాచాల్సిన డేక్సా తెచ్చి బస్సు తలుపులో అడ్డంగా పెట్టాడు.

"వీడూ మావాడే. వీడెక్కకుంటే నేనూ ఎక్కను. గంజి మీరే కాసుకోండి."

"యల్లా, తొందరగా తియ్ అన్నా! మిలిటరీవోళ్లు వచ్చేస్తారు!" పెద్ద అరిచాడు.

"వాణ్ని ఎక్కించుకో, తీస్తా."

ఎక్కాను కాబట్టే ఇది రాస్తున్నాను. వేరే దేశాలవాళ్లు ఒక్క తలుపు తట్టి ముగించిన పనికి మనకు డేక్సా అడ్డం పెట్టాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాలయ్యాయి, సరే. రెండు సంఘాలూ పెట్టుకోండి. ఏడవడానికి కూడా మీ అనుమతి కావాలా?

ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ ఎండే. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. తలుపులో మసి డేక్సా. దాని మీద తాపీగా కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, అన్న.