వంటగది గోడలో రెండిటుకల కన్నం

మా వంటగది గోడకు ఒకచోట ఇప్పటికీ రంగు నిలవదు. ఎన్నిసార్లు వేయించినా చెమ్మ ఎక్కి పెచ్చులు లేస్తుంది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

తెనాలిలో మా అత్తవారిల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. నేను బాపట్ల నుంచి కాపురానికి వచ్చేనాటికి వంటగది అంతా మా తోడికోడలి చేతిలో ఉండేది. ఆవిడది రేపల్లె. అక్కా అని పిలిచేదాన్ని. నాకు వంట నేర్పింది ఆవిడే. ఎంత నేర్పినా పోపు మాత్రం నాకు చేతకాలేదు. ఆవాలు చిటపటలాడేలోపు ఏదో ఆలోచనలో పడి మాడ్చేసేదాన్ని. ఆవిడ పెరట్లోంచే పసిగట్టి, "పోపు మాడుతోందమ్మాయ్!" అని కేకేసేది.

మామగారి పెద్దకర్మ భోజనాల్లో మా ఆయన స్నేహితులను బావగారు రెండో బంతిలో కూర్చోబెట్టారట. అంతే! అన్నదమ్ములిద్దరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. పెద్దమనుషులొచ్చి ఇల్లు పంచారు. వంటగదిని కూడా వదల్లేదు, పుణ్యాత్ములు. నడిమికి గోడ లేపించారు. పెరట్లో కరివేపాకు చెట్టు వాళ్ళ వాటాకు పోయింది. ఇంత కొలిచి పంచినవాళ్ళు నీళ్ళ గొట్టం సంగతి మరిచిపోయారు. రెండు వాటాలకూ నీళ్ళిచ్చే ఆ ఒక్క గొట్టం మీదే గోడ కట్టేశారు.

మగవాళ్ళకు మాటల్లేవు కాబట్టి మాకూ ఉండకూడదన్నారు. మార్కెట్లో ఎదురైతే ఆవిడ బావగారి వెనకాల తల దించుకుని వెళ్ళిపోయేది. నేనూ అంతే. ఇంటికొచ్చి నా కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని.

కొన్నేళ్ళకు ఆ గొట్టం గోడలోనే కారడం మొదలుపెట్టింది. రెండువైపులా తడిసి సిమెంటు ముద్దలుగా రాలేది. బాగు చేయించాల్సింది నువ్వంటే నువ్వని చాన్నాళ్ళు భీష్మించుకుని కూర్చుని, చివరికి మా ఆయనే ప్లంబర్‌ని పిలిపించారు. అతను గోడ పగలగొట్టి కొత్త గొట్టం వేశాడు. పలచటి గోడ కదా, ఒకచోట అవతలికి కన్నం పడింది. రెండిటుకలంత. "తాపీమేస్త్రీ చేత పూడిపించుకోండమ్మా," అని సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీయేమో చేబ్రోలులో ఇంకెవరి ఇల్లో పట్టాడు. "రేపొస్తానమ్మా" అనడమే గానీ వచ్చింది లేదు. అవతలివైపు కన్నానికి ఎవరో పాత క్యాలెండర్ అడ్డం తగిలించారు.

ఒక పొద్దున పప్పుకు పోపు పెడుతూ, అలవాటు ప్రకారం మాడ్చాను.

"పోపు మాడుతోందమ్మాయ్!"

గోడలోంచి వచ్చింది ఆ మాట. అలవాటు కొద్దీ ఆవిడకు నోరు జారినట్టుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అక్కా!" అన్నాను.

"ముందు స్టవ్ కట్టెయ్," అంది. తర్వాత ఆవిడా ఏడ్చింది.

అప్పటి నుంచి మగవాళ్ళు బయటికెళ్ళగానే క్యాలెండర్ పక్కకు తొలగేది. "ఏంటి ఇవాళ కూర?" అని అడిగేది. కన్నంలోంచి కరివేపాకు రెబ్బలు అందించేది. తన మోకాళ్ళ నొప్పులు, పాలవాడు పోసే నీళ్ళు, నా తిక్క, అన్నీ చెప్పుకునేవాళ్ళం. ఎన్నేళ్ళ తర్వాతో వంట చేస్తూ నవ్వాను. ఆ మేస్త్రీ ఎప్పటికీ రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కాను.

"మీ మరిదిని అడగనా అక్కా, ఇక చాలించమని?" అన్నాను ఒకరోజు.

"అడుగు. నేనూ మీ బావగారిని అడుగుతా. మహా అయితే తిడతారు, అంతేగా!"

సాయంత్రం కాఫీ ఇస్తూ కదిపాను. "ఏవండీ, మీరూ మీరూ మాట్లాడుకోకపోతే మానె, మమ్మల్నయినా మాట్లాడుకోనివ్వండి. అక్క పాపం..." అన్నాను.

"అక్క నీకెక్కడ కనబడింది?" అన్నారు.

నా కళ్ళు గోడ వైపు పోయాయి. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. మా ఆయనే స్వయంగా వెళ్ళి బండి మీద ఎక్కించుకొచ్చారు. అవతల బావగారూ సిద్ధంగా ఉన్నారు. అక్క కూడా అడిగిందన్నమాట. ఒక్కవైపే పూడిస్తే నిలవదు, రెండువైపులా పట్టాలన్నాడు మేస్త్రీ. ఇటు కొంచెం పని చేయడం, వీధిలోంచి చుట్టూ తిరిగి అటు వెళ్ళడం.

"ఏమంటాడు మా అన్న?"

"ఇంకో బొచ్చె సిమెంటు కలపమన్నారండి."

"కలుపు. గట్టిగా ఉండాలి."

ఇల్లు పంచుకున్నాక ఆ అన్నదమ్ములు కలిసి చేసిన పని అదొక్కటే.

మా ఆయన అటు తిరిగినప్పుడు మేస్త్రీని మెల్లగా బతిమాలాను. "ఒక్క ఇటుక వదులుగా పెట్టకూడదా బాబూ?"

"అట్టా కుదరదమ్మా, నీళ్ళ గొట్టమున్న గోడ," అన్నాడు.

ఆఖరి ఇటుక పెట్టేముందు కన్నంలోంచి అక్క చీర చెంగు కనబడింది. ముఖం కనబడలేదు.

రంగు నిలవకపోయినా గోడ మాత్రం నిలిచింది, దిక్కుమాలిన గోడ! అవతల రోలు చప్పుడు కూడా వినబడనంత గట్టిగా నిలిచింది. ఆ మధ్య ఒక పొద్దున కావాలనే ఆవాలు మాడనిచ్చాను. మెంతులు నల్లబడ్డాయి, మిరపకాయల ఘాటుకు దగ్గొచ్చింది, కళ్ళు మండాయి. స్టవ్ కట్టకుండా గోడ దగ్గరే నిలబడ్డాను.

"ఏంటే, పోపు మాడుతోంది!"

హాల్లోంచి మా ఆయన.

"తెలుసండీ," అన్నాను.