శాలువా కప్పిన పాట

మా అన్నయ్య జానపద గిటారిస్టు. ఆ బిరుదు ఆయనకి ఆయనే ఇచ్చుకున్నాడు. బాపట్లలో చర్చి క్వయర్లో గిటార్ నేర్చుకుని, అమ్మ నాట్లప్పుడు పాడే పాటలకి నాలుగు తీగలు మీటి, భుజాన ఎర్ర కండువా వేసుకునేసరికి జానపదమంతా ఆయన సొత్తయిపోయింది. కాకుమాను పొలాల్లో మోకాళ్ల లోతు బురదలో వంగి ఆ పాటలు పాడింది అమ్మ. ఈయనగారు ఏనాడూ గట్టు దిగలేదు. స్టేజీ ఎక్కితే మాత్రం మట్టి వాసన గురించి పావుగంట మాట్లాడతాడు.

తెనాలిలో కచేరీ పెట్టి, దాన్నే లైవ్ ఆల్బమ్‌గా తెస్తానన్నాడు. లైవ్ అంటే ఏంటని అమ్మ అడిగితే, హాల్లో ఏం వినిపిస్తే అదంతా పడుతుందని చెప్పాడు. రేపల్లె నుంచి అమ్మని నేనే బస్సులో తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను.

నాట్ల పాట సగంలో ఉండగా ముఖ్య అతిథి ఊడిపడ్డాడు. మన దగ్గర ముఖ్య అతిథి వచ్చాడంటే పాటేంటి, ఊపిరైనా ఆగాల్సిందే. ఆయన పొన్నూరులో ఏదో రిసెప్షన్‌కి వెళ్లాలట. పాట ఆపించి, గిటార్ మెడలో ఉండగానే అన్నయ్యకి శాలువా కప్పారు. అది తీగల మీదికి జారి గిటార్ మూగబోయింది. అన్నయ్య వంగి వంగి దండాలు పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. మధ్యలో వదిలేయడమన్నది ఉండదు. అమ్మకి ఈ శాలువాల మర్యాదలు తెలియవు. కొడుకు పాట ఆపాడు కాబట్టి కూర్చున్నచోటి నుంచే మిగిలిన చరణం అందుకుంది. గొంతు బొంగురుపోయింది, ఊపిరి చాలడం లేదు, అయినా చివరిదాకా పాడింది. హాలంతా నిశ్శబ్దంగా వింది. ఆ తర్వాతే ముఖ్య అతిథి ప్రసంగం మొదలుపెట్టాడు. అన్నయ్య ఒక్కసారి కూడా అమ్మ వైపు చూడలేదు.

తిరుగు బస్సులో అమ్మ దారంతా ఒకటే అడిగింది, తన గొంతు కూడా అందులో పడి ఉంటుందా అని. పడే ఉంటుందన్నాను.

ఆల్బమ్ వచ్చింది. సగం పాట, ఆ తర్వాత ముఖ్య అతిథి ప్రసంగం, చప్పట్లు. జానపదం మనకి కన్నతల్లి లాంటిదన్న ముక్కతో సహా ప్రసంగం పొల్లుపోకుండా ఉంది. అమ్మ లేదు. అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను.

"శ్రుతి కలవలేదే. వినేవాళ్లు నవ్వుతారని నేనే తీసేయమన్నాను" అన్నాడు.

ప్రసంగానికి శ్రుతి బాగా కలిసినట్టుంది.

ఆదివారం రేపల్లె వచ్చి అమ్మకి తన ఫోన్లో వినిపించాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, ప్రసంగంతో సహా అంతా ఓపిగ్గా వింది.

"నేనందుకున్నది ఏదిరా?" అంది.

మైకు దూరంగా ఉండటంతో అది రికార్డు కాలేదని అన్నయ్య కళ్లార్పకుండా చెప్పాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. అమ్మ మొహం చూసి మింగేశాను.

"పోనీలే నాయనా. ఈసారి మైకు దగ్గర కూర్చుంటాలే" అంది అమ్మ.

అలాగేనమ్మా, అన్నాడు మా జానపద గిటారిస్టు.