టర్కీ చూడని టర్కీ ఇస్తారి

మా ఇస్తారన్నకు ఒక్కటే జబ్బు. ఏం జరిగినా "టర్కీల గంతే" అంటాడు. కరెంటు పోతే టర్కీలోనూ పోతుంది. బస్సు ఆలస్యమైతే టర్కీలో అసలు రానే రాదు. ఎవడైనా తుమ్మితే టర్కీవాళ్ళు దాన్ని శుభశకునంగా తీసుకుంటారు. ఇంతా చేసి ఆ మహానుభావుడు ఉత్తరాన కామారెడ్డి దాటలేదు, దక్షిణాన చార్మినార్ దాటలేదు. టర్కీ ఏ దిక్కున ఉందో చూపించమంటే పక్కనే ఉన్న తూంకుంట వైపు చెయ్యి చూపించేవాడు.

ఈ జబ్బు అంటుకున్నది తొంభై మూడులో. మేడ్చల్‌లో మేం పనిచేసే ఫ్యాక్టరీలో కొత్త మిషన్ బిగించడానికి కెమాల్ అనే టర్కీ ఇంజనీరు వచ్చాడు. నేను స్టోర్స్‌లో గుమాస్తాను. ఇస్తారన్న ఫిట్టరు, పైగా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీములో గోల్స్ కొట్టే మొనగాడు. కెమాల్ ఆదివారాలు వాళ్ళతో బంతి ఆడేవాడు. ఓ రోజు ఇస్తారన్న కుడికాలి మీద తట్టి ఏదో అన్నాడట. ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. "ఇది టర్కీ కాలు అంటుండు" అని ఇస్తారన్నే తర్జుమా చేసుకున్నాడు. మిషన్ బిగించి కెమాల్ వెళ్ళిపోయాడు, టర్కీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

మరుసటి ఏడాది ఆయన ఉన్నట్టుండి ఆడటం మానేసి కోచ్ అయ్యాడు. ఎందుకు మానేశావన్నా అంటే, "టర్కీల మంచి ఆటగాళ్ళు జల్దీ మానేస్తరు తమ్మీ" అన్నాడు.

ఇక కోచ్‌గా ఆయన వైభవం ఏమని చెప్పను! మొదట దూలపల్లి టీము పట్టాడు. అక్కడ ఆటగాళ్ళకు పాలు లేని చాయ్ పోయించాడు. "టర్కీల చాయ్‌ల పాలు పొయ్యరు" అన్నాడు. ఆ మాట నిజమేనట గానీ దూలపల్లి వాళ్ళకు నిజంతో పనిలేదు, పాలతో పని. నెల తిరక్కుండా సాగనంపారు. తర్వాత బౌరంపేట్. అక్కడ ఆటకు ముందు ఒక్కొక్కడి చేత రెండేసి పచ్చి ఉల్లిగడ్డలు నమిలించాడు. ఎదుటి టీము వాళ్ళే కాదు, రిఫరీ కూడా వాళ్ళ దగ్గరికి పోలేదు. ఆ ఏడాది బౌరంపేట్ గెలిచింది కూడా. కానీ ఆటగాళ్ళ పెళ్ళాలు ఒక్కటై వచ్చి కోచ్‌ని మార్చమన్నారు.

చివరికి మా శామీర్‌పేట టీముకు తగులుకున్నాడు. టీము పోషకుడు మల్లేశం పటేలు. తాతలు దున్నిన భూమిని ప్లాట్లు కొట్టి అమ్ముతూ, సర్పంచ్ కుర్చీ మీద కన్నేసిన మనిషి. మా గ్రౌండు కూడా ఆయన అమ్మకానికి పెట్టిన వెంచరే. ఈశాన్యం ప్లాటు అమ్ముడుపోయింది కాబట్టి ఆ మూల నుంచి కార్నర్ కిక్ లేదు. పశ్చిమం వైపు గోల్‌పోస్టుకు బేరం నడుస్తోందని విన్నాక మా గోల్‌కీపర్ శేఖర్ కొన్నాళ్ళు మనసు పెట్టి ఆడలేదు.

ఈ టీములోనే ఇస్తారన్న తన టర్కీ పద్ధతుల్లోకెల్లా ఘనమైనదాన్ని ప్రవేశపెట్టాడు. "గోల్ కొట్టినోన్ని ఎవడైనా ఎత్తుకుంటడు. టర్కీల గోల్ పోగొట్టినోన్ని ఎత్తుకుంటరు. ఊకె చూస్తున్నరేంది? ఎత్తండి!"

మా టీములో గోల్ పోగొట్టేది ఎక్కువగా శేఖరే. శేఖర్ బరువు తొంభై కిలోలకు పైమాటే. మేం ఓడిపోవడానికి భయపడేవాళ్ళం కాదు, ఓడిపోయాక శేఖర్‌ని గ్రౌండ్ చుట్టూ మోయాల్సి వస్తుందని భయపడేవాళ్ళం. లెఫ్ట్ బ్యాక్‌గా నా ఆట బాగుపడింది ఆ భయంతోనే.

రెండువేల రెండులో ప్రపంచ కప్పులో నిజంగానే టర్కీ మూడో స్థానానికి వచ్చింది. ఇంకేముంది! ఇస్తారన్న సొంత కొడుకు పదో తరగతి పాసైనట్టు బస్టాండులో జిలేబీలు పంచాడు. తెల్లవారి నుంచి మమ్మల్ని చూసే చూపు కూడా ప్రపంచ కప్పు కోచ్ చూపైపోయింది.

అసలు కొంప మునిగింది మరుసటి ఏడాది, బహదూర్‌పల్లి వాళ్ళతో ఫైనల్లో. ఆట అయిపోవస్తుండగా బంతి ఒకటి నింపాదిగా, నడిచి వస్తున్నట్టుగా వచ్చి శేఖర్ కాళ్ళ మధ్యనుంచి లోపలికి పోయింది. ఓడిపోయాం. ఇస్తారన్న మెడలోని సీటీ ఊదాడు. మేం మూలుగుతూ శేఖర్‌ని ఎత్తుకున్నాం. మమ్మల్ని చూసి డప్పులవాళ్ళు మేమే గెలిచామనుకుని దరువందుకున్నారు. సరిగ్గా అప్పుడే జీపు దిగిన ముఖ్య అతిథి, డప్పులు ఎటుంటే అటు నడిచి, భుజాల మీదున్న శేఖర్ మెడలో దండ వేసి చేతిలో కప్పు పెట్టేశాడు.

బహదూర్‌పల్లి వాళ్ళు మీదికొచ్చారు. మల్లేశం పటేలు పరిగెత్తుకొచ్చి కప్పు గుంజాడు. శేఖర్ వదిలితేనా!

"పెద్దమనిషి ఇచ్చింది మల్ల అడుగుతరా పటేలా? మర్యాదేనా?"

"నీ మర్యాదల మన్నువడ! ఇడువురా!"

ఇద్దరి గుంజులాటలో కప్పు చెవి ఒకటి ఊడి పటేలు చేతికొచ్చింది. చెవి బహదూర్‌పల్లి వాళ్ళకిచ్చి, కప్పు తర్వాత పంపిస్తానని ఆయన దండం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం పటేలు ఇస్తారన్నను అందరి ముందూ నిలబెట్టాడు.

"మస్తు ఇజ్జత్ తీసినవ్ గదనే! ఓడగొట్టినోన్ని ఎత్తుకునుడేంది?"

"టర్కీల గిట్లనే పటేలా."

"ఏ టర్కీల? ఎవడు జూసిండు? మీ ఫ్యాక్టరీకి ఇంకో టర్కీ ఆయన వచ్చిండంట గదా, మిషన్ రిపేరుకు. ఆదివారం పిలుస్త. మందిల నిలవెట్టి అడుగుత. గసొంటిది లేదన్నడనుకో, సీటీ ఆడ్నే వెట్టి ఇంటికి పోవాలె."

ఇస్తారన్న మెడలోని సీటీని ఓసారి పట్టుకున్నాడు. "పిలువుండ్రి" అన్నాడు. ఫ్యాక్టరీలో ఆయన్ని "ఏయ్ ఫిట్టర్" అని పిలుస్తారు. ఆ సీటీ మెడలో ఉన్నప్పుడే ఆయన కోచ్ సాబ్. అది పోతే ఆ మనిషి ఏమైపోతాడోనని నాకు నిజంగా భయమేసింది.

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఇస్తారన్న లేడు. దుర్గమ్మ వదిన జొన్నరొట్టెలు చేస్తోంది.

"తిని పో తమ్మీ. పప్పుల మాత్రం ఉప్పు మర్చిన. మీ అన్న తిని ఏమన్నడో ఎర్కనా? టర్కీల ఉప్పు ఎయ్యరంట!"

నేను పగలబడి నవ్వాను. వదిన నవ్వలేదు.

"నవ్వు, నవ్వు. గా టర్కీ లేకుంటే గీ ఇంట్ల రోజు లొల్లే అయితుండె. పెండ్లయినప్పటి సంది నా వంటకు వంక వెట్టలే మీ అన్న. ఎవరన్న తప్పు జేసిండ్రనుకో, మాట వాళ్ళ మీదికి పోకముందే టర్కీని తెచ్చి అడ్డం వెడ్తడు."

"మరి ఆ ఎత్తుకునుడేంది వదినా?"

ఆమె రొట్టె తిప్పేసింది. "తొంభై నాలుగుల ఫైనల్ల పెనాల్టీ బయటికి కొట్టిండు. నువ్వు ఫ్యాక్టరీ టీముల లేవు గద. అందరు కంపెనీ బస్సెక్కి పోయిండ్రు. రమ్మని ఒక్కడనలే. భుజం మీద చెయ్యేసినోడు లేడు. మేడ్చల్ నుంచి నడుసుకుంట ఇల్లు జేరిండు. మల్ల బూట్లు తొడుగలే."

నా నవ్వు ఎటు పోయిందో తెలీదు. ఆలోచిస్తే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. షిఫ్టు దిగి శేఖర్ ఆలస్యంగా వస్తే "టర్కీల గోల్‌కీపర్ ఆఖరికే వస్తడు" అన్నాడు. ఆటలో మా టీము కుర్రాడు బాలమల్లు నిక్కరు చిరిగితే "టర్కీల గాలి ఆడనిస్తరు" అన్నాడు.

ఇంతలో ఇస్తారన్న వచ్చాడు. "అన్నా, రేపు ఆయన లేదంటే ఎట్ల?" అని అడిగాను.

"లేదనే అంటడు తమ్మీ" అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. "ఏ దేశంల ఉంటది గసొంటిది?"

ఆదివారం ఊరు ఊరంతా గ్రౌండుకు దిగింది. టర్కీ ఇంజనీరు పేరు ఓర్హాన్. గుండ్రటి మనిషి, ఇస్త్రీ చొక్కా, తళతళలాడే ఆఫీసు బూట్లు. ముందు మర్యాదగా ఆయన చేత ఒక పెనాల్టీ కొట్టించి, ఆ తర్వాత అడగాలని పటేలు ఏర్పాటు. ముందురోజు వాన పడి నేలంతా బురద. అతిథి కదా అని శేఖర్ పక్కకు జరిగి గోల్ మొత్తం ఖాళీగా వదిలేశాడు.

ఓర్హాన్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి తన్నాడు. బూటు ఊడి గోల్లో పడింది. బంతి పోయి ప్లాటు హద్దురాయికి తగిలింది. ఆయన బురదలో వెల్లకిలా పడ్డాడు. జనం ఊళలు, ఈలలు! పాపం ఆ మనిషి ముఖం ఎర్రగా కందిపోయింది. లేవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు.

ఇస్తారన్న సీటీ గట్టిగా మోగింది. "ఏం జూస్తున్నర్రా? ఎత్తండి!"

ఎత్తుకున్నాం. గ్రౌండ్ చుట్టూ తిప్పుతుంటే డప్పులవాళ్ళు దరువేశారు, ఊళలు వేసిన నోళ్ళే జై కొట్టాయి. పటేలు ఎదురొచ్చి, "ఇగ అడుగు, ఇంగ్లీషుల అడుగు" అని నన్ను తొందరపెట్టాడు.

నా ఇంగ్లీషు స్టోర్స్ గడప ఎన్నడూ దాటలేదు. అయినా అడిగాను. తప్పు చేసినవాణ్ణి ఇలా ఎత్తుకునే ఆచారం మీ దేశంలో ఉందా? ఓర్హాన్ భుజాల మీదనుంచి వంగి, లేదంటే ఏమవుతుందని ఎదురడిగాడు. కోచ్ పని పోతుందని చెప్పాను. కోచ్ ఎవరన్నాడు. చూపించాను. ఇస్తారన్న గోల్లోంచి ఆ బూటు తెచ్చి, భుజం మీది తువ్వాలతో దాని బురద తుడుస్తున్నాడు.

ఓర్హాన్ గొంతు సవరించుకుని గట్టిగా చెప్పాడు. నేను ఇంకా గట్టిగా తెలుగు చేశాను. "ఉందంట! తాతల కాలం నుంచి ఉందంట!"

గ్రౌండు దద్దరిల్లింది. ఓర్హాన్ చెయ్యెత్తి ఆపి, పటేలు వైపు వేలు చూపిస్తూ ఇంకో మాట అన్నాడు.

"ఏమంటుండు?" అన్నాడు పటేలు.

"వాళ్ళ దేశంల ముందట భుజం వెట్టేది టీము పెద్దనంట పటేలా."

పటేలు తన తెల్ల లాల్చీ చూసుకున్నాడు. ఓర్హాన్ ఒంటి మీది బురద చూశాడు. చుట్టూ ఉన్న ఓట్లు చూశాడు. వచ్చి భుజం పెట్టాడు.

ఊరేగింపు రెండో చుట్టు తిరుగుతుండగా ఇస్తారన్న నా రెక్క పట్టి పక్కకు లాగాడు. "తమ్మీ, నిజంగనే ఉందా?"

"ఆయననే అనవట్టె గదన్నా!"

ఆయన చేతిలోని బూటును తువ్వాలతో మరోసారి తుడిచాడు. తర్వాత మెల్లగా ముఖమంతా నవ్వు పాకింది.

"మరి గప్పటి నా పెనాల్టీ టర్కీలనే కొడితే అయిపోతుండె గద తమ్మీ" అన్నాడు.