ఎండలో విడిచిన ఒక్కపొద్దు

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఉంది. మా అక్క విమానంలో కార్తీక సోమవారం ఒక్కపొద్దును చెడగొట్టిందని మా బంధువుల్లో కొందరంటారు. చుక్కల కోసం కాచుకుని సొమ్మసిల్లిందని ఇంకొందరంటారు. రెండూ నిజం కాదు.

అక్కా బావా దొడ్డబళ్ళాపురంలో పట్టు నేస్తారు. లండన్‌లో చేనేత ప్రదర్శనకు వాళ్ళను పిలిచారు. బెంగళూరు నుంచి ప్రయాణం కార్తీక సోమవారం పడింది. ఆ రోజు సాయంత్రం చుక్క చూశాకే తినడం అక్కకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడామెకు చక్కెర జబ్బు. సాయంత్రం ఆరున్నర దాటాక కడుపు ఖాళీగా ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

బావ టికెట్ చూసి తేల్చేశాడు. "ఒంటిగంటకు ఎక్కితే ఆరున్నరకు దిగేస్తాం. చుక్కల పొద్దుకు ఆ ఊళ్ళో ఉంటాం."

"ఎక్కేది మన గడియారం, దిగేది వాళ్ళ గడియారం బావా" అన్నాను. నేను పదో తరగతి దాటలేదు గానీ, మా పేట లైబ్రరీలో భూగోళం పుస్తకాల అల్మారా మొత్తం చదివాను. ముందురోజే అక్కడి గ్లోబు మీద దారం పరిచి కొలిచి వచ్చాను. దూరం సుమారు ఎనిమిది వేల కిలోమీటర్లు, ప్రయాణం పదిగంటలకు పైనే. విమానం పడమటికి పోతుంది కాబట్టి పొద్దు తొందరగా గుంకదు. చుక్కలు మన లెక్కకు రెండు గంటలైనా ఆలస్యమవుతాయి.

"సూర్యుడు కూడా నీ లైబ్రరీలో మెంబరా అప్పా, నీకు చెప్పి పోతాడా?" అంది అక్క.

"పోనీ, చేతి గడియారం మార్చొద్దు. మన ఆరున్నర కాంగానే తిను."

"గంట చూసి విడిస్తే ఒక్కపొద్దు ఎట్లవుతాది? ఫ్యాక్టరీ డ్యూటీ అవుతాది."

నా చదువు అక్కడితో ఆగిపోయింది. రాట్నం దగ్గర దారం చుడుతున్న అక్క కోడలు తల ఎత్తింది.

"అత్తా, మోడం కమ్మిన దినం చుక్క ఏడ కనపడతాది? తులసికాడ దీపం పెట్టి తింటావు కదా. ఆ పొద్దు ఆరున్నరకు దీపం నేను పెడతా, నువ్వు ఆడ తిను."

"నువ్వు మరిస్తే?"

"మరిస్తే వచ్చినాక తిట్టు. ఊరికే ఉంటావా ఏం?"

అక్క నవ్వి, సరేనంది.

తరువాతిది అక్క ఫోన్‌లో చెప్పింది. మన ఆరున్నరకు విమానం కిటికీలో ఎండ ఇంకా కాస్తోంది. ఆమె దండం పెట్టుకుని, సంచిలోంచి రాగి రొట్టె తీసింది.

"సూర్యుడు చూస్తాండాడే" అన్నాడట బావ.

"చూడనీ. మన ఇంటికాడ మునిగిపాయె."

మాత్ర వేసుకుని నిద్రపోయింది. చుక్కలు వచ్చినప్పుడు బావ ఆమెను లేపలేదు.

గ్లోబు దించి ఇచ్చిన లైబ్రరీ అటెండరమ్మకూ, మాత్రల వేళలు మళ్ళీ రాసిచ్చిన డాక్టరుకూ కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు. ఆ సాయంత్రం దొడ్డబళ్ళాపురంలో జల్లు పడింది. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండుసార్లు ఆరిపోయిన వత్తిని మూడోసారి వెలిగించిన మా అక్క కోడలికి మరీ ముఖ్యంగా.